రంజకం ముందా, గుండు ముందా? చెకుముకి తుపాకి చుట్టూ చిక్కుముళ్లు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతతరం వాళ్లకు బర్మారు అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. మూతి నుంచి మందు పోసి, గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకి. సాయుధ పోరాటం నాటి ముచ్చట్లలో వడిసెల, గుత్ప, కారంపొడి తర్వాత వినపడే పేరు ఇదే. ఆ తర్వాత కూడా పల్లీ చేల మీద, మక్క చేల మీద అడవి పందులు పడకుండా లైసెన్సు తీసుకుని దీన్ని ఇంట్లో ఉంచుకున్న కుటుంబాలున్నాయి. అయినా దీన్ని ఎట్లా నింపాలి, ఎట్లా శుభ్రం చేయాలి అని నలుగురిని అడిగి చూడండి, నాలుగు సమాధానాలు వస్తాయి. రంజకం, అంటే నిప్పు అందుకునే చిటికెడు మందు, ముందే పోయాలని ఒకరు, అది అన్నిటికంటే చివర అని ఇంకొకరు. గుండు వదులుగా జారాలని ఒకరు, గుడ్డ చుట్టి బిగుతుగా దించాలని ఇంకొకరు. కడిగే దగ్గరకు వస్తే గొడవ మరీ పెద్దది. ఇనుముకు నీళ్లు తగలనీయొద్దు, కిరసనాయిలుతో తుడిస్తే చాలంటారు. సలసల కాగే నీళ్లు పోయమని కూడా అంటారు.

వీళ్లలో ఎక్కువమంది చెప్పేది ఏదో ఒక కాలంలో, ఏదో ఒక అవసరానికి సరైనదే. యుద్ధంలో నిలబడ్డ సిపాయి పద్ధతి వేరు, వేటగాడి పద్ధతి వేరు, ఇప్పుడు రేంజిలో తీరిగ్గా గురి చూసి కాల్చేవాడి పద్ధతి వేరు. మూడూ కలగలిసి మనదాకా వచ్చాయి. పైగా నింపడం ఒక పని, కడగడం ఇంకో పని అని విడదీసి చెప్పుకోవడం వల్ల చిక్కు ఇంకా ముదిరింది. నన్నడిగితే ఈ తుపాకి విషయంలో అసలు తెలుసుకోవాల్సింది ఒక్కటే: మందు కాలాక గొట్టంలో మిగిలే మసి. నింపే క్రమంలోని చాలా నియమాలు, కడిగే నియమాలన్నీ దాని నుంచే పుట్టాయి.

ముందు ఏ తుపాకి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. మూతి నుంచి నింపేవన్నీ ఒకటి కావు. మందుకు నిప్పు అందించే తీరును బట్టి మూడు రకాలు. అన్నిటికంటే పాతది తోడాదారు. కాలుతున్న జామగి తాడును మందుకు తాకించి పేల్చేది. తర్వాతది చెకుముకి తుపాకి, రాయి ఉక్కును గీరితే పుట్టే రవ్వలతో పేలేది. మూడోది టోపీ తుపాకి. చిన్న రాగి టోపీలో పేలుడు రసాయనం ఉంటుంది, దాని మీద సుత్తి పడితే పేలుతుంది. 1840ల ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం చెకుముకి వదిలి టోపీకి మారింది. మన ఊళ్లలో బర్మారు అని పిలిచినవాటిలో ఎక్కువ భాగం ఈ టోపీ రకమే. ఇక్కడ చెప్పుకునేది మాత్రం చెకుముకి రకం గురించి. చెకుముకి తుపాకులు మన దగ్గర గట్టిగా కనిపించిన కాలం 18వ శతాబ్దం చివర. నిజాం అలీ ఖాన్ కొలువులో ఫ్రెంచివాడు రేమండ్ పెద్ద దళాన్ని యూరప్ పద్ధతిలో తయారు చేశాడు. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అనే పేరు మిగిలింది ఆయన పెట్టిన తోపుల కార్ఖానా వల్లనే. 1798లో ఆయన పోయాడు. అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు ఆ దళం చేతిలోని ఆయుధాలు దించేయించారు.

గొట్టం లోపలి భాగం కూడా చూసుకోవాలి. రైఫిల్ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులుంటాయి, గుండును తిప్పి పంపుతాయి. ఇక్కడ మాట్లాడుకునేది లోపల నున్నగా ఉండే గొట్టం గురించి. దానిలో ఒక పెద్ద గుండు వేసి కాల్చొచ్చు, చర్రాలు, అంటే సన్నటి సీసపు గుళ్లు, వేసి కూడా కాల్చొచ్చు. పల్లెల్లో నున్నటి గొట్టమే నిలబడటానికి ఒక కారణం అదే.

నిప్పు ఎట్లా పుడుతుంది

చెకుముకి రాయి నుంచి నిప్పు పుడుతుందని అందరూ అనుకుంటారు. కాలేది రాయి కాదు, ఉక్కు. గుర్రం అంటే రాయిని పట్టుకునే సుత్తి లాంటి భాగం. దాని దవడల మధ్య తోలు ముక్కలో బిగించిన రాయి, మీట నొక్కగానే ముందుకు దూకి ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది. రాయి అంచు ఉక్కు కంటే గట్టిది కాబట్టి సన్నటి ఉక్కు పొట్టు లేస్తుంది. ఆ రాపిడి వేడికి పొట్టు గాలిలోనే అంటుకుంటుంది. అదే దెబ్బకు పలక వెనక్కి తెరుచుకుని కింద ఉన్న చిన్న గిన్నె బయటపడుతుంది. గిన్నెలో చిటికెడు మెత్తటి మందు, అదే రంజకం. రవ్వలు దాని మీద పడితే భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం పక్కన ఉన్న సన్నటి చిల్లు గుండా లోపలి అసలు మందును తాకుతుంది. మీట నొక్కిన క్షణానికి, గుండు బయల్దేరే క్షణానికి మధ్య కొద్దిపాటి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో కన్ను ఆర్పకుండా, చెయ్యి కదలకుండా నిలబడటమే గురికాడి నేర్పు.

ఈ వరసలో ఏ మెట్టు తప్పినా తుపాకి పేలదు. రాయి అంచు మొద్దుబారినా, ఉక్కు పలక మీద నూనె ఉన్నా, గిన్నె చెమ్మగిల్లినా, చిల్లు మసితో పూడుకున్నా రంజకం వరకే మండి ఆగిపోతుంది, లేదా అదీ ఉండదు. వానలో దీని పని అంతే. 1757లో ప్లాసీ దగ్గర వాన పడినప్పుడు నవాబు వైపు మందు తడిసిపోయింది, కంపెనీవాళ్లు తమ మందును టార్పాలిన్లతో కప్పుకున్నారు. ఆ రోజు గెలుపోటముల వెనక కుట్రలు వేరే ఉన్నాయి గానీ, తడిసిన మందు కూడా తన వంతు పని తాను చేసింది.

రంజకం గొడవ

బ్రిటిష్ సిపాయి చేతిలోని మస్కెట్ అనే నున్నటి గొట్టపు తుపాకి లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు. అందులో వేసే సీసపు గుండు 17.5 మిల్లీమీటర్లే. తేడా మీరే చూడండి, గుండు గొట్టంలో గలగలా జారిపోతుంది. మందు, గుండు కలిపి కాగితంలో చుట్టిన పొట్లం సిపాయి సంచిలో ఉండేది. గుర్రాన్ని సగం ఎత్తి, పొట్లం మూల పళ్లతో కొరికి, ముందు కొంచెం మందు గిన్నెలో పోసి ఉక్కు పలక మూసేవాడు. తర్వాత తుపాకి నిలబెట్టి మిగతా మందు మూతిలో పోసి, గుండును కాగితంతో సహా తోసి, కడ్డీతో దట్టించేవాడు. ఒక్క పొట్లంతోనే రెండు పనులూ అయిపోతాయి. బాగా సాధన ఉన్నవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చేవాడు. రంజకం ముందు అనే మాట ఈ కవాతు నుంచి వచ్చిందే.

గుండు అంత వదులుగా ఎందుకు? గొట్టంలో మసి పేరుకుపోయినా ఇరుక్కోకుండా దిగాలని. యుద్ధం మధ్యలో తుపాకి తుడుచుకునే తీరిక ఉండదు. గురి పోతే పోయింది, వందలమంది వరసగా నిలబడి ఒకేసారి కాలుస్తారు కదా అని లెక్క. జార్జ్ హ్యాంగర్ అనే బ్రిటిష్ అధికారి 1814లో ఈ సంగతి మొహమాటం లేకుండా రాశాడు. మస్కెట్‌తో 80 గజాల్లో మనిషిని కొట్టొచ్చు, 200 గజాల్లో ఒక్కడిని గురి చూసి కాల్చడమంటే చంద్రుడి మీద కాల్చినట్టేనని ఆయన మాటల సారం.

తీరిగ్గా ఒక్కడే కాల్చుకునేవాడికి ఈ క్రమం పనికిరాదు, ప్రమాదం కూడా. గిన్నెలో రంజకం ఉండగా మూతి మీద చెయ్యి పెట్టి మందు పోస్తున్నామంటే, సగం ఎత్తిన గుర్రాన్ని ఆపి ఉంచిన చిన్న ఇనుప కొక్కెం మీదే ప్రాణం పెట్టినట్టు. అది అరిగి ఉంటే జారుతుంది. అందుకే ఇప్పుడు రేంజిల్లో రంజకం చివరే పోస్తారు. మందు, గుండు దట్టించి, కడ్డీ బయటికి తీసి, మూతిని గురి వైపు తిప్పిన తర్వాతే గిన్నె సంగతి. నింపేంతసేపూ గుర్రం దించి, ఉక్కు పలక తెరిచి ఉంచుతారు, పొరపాటున కూడా రవ్వ పుట్టకుండా.

ఇప్పటి పద్ధతిని వరసగా చెప్పుకుందాం. మొదట తుపాకి ఖాళీగా ఉందా లేదా చూడాలి. కడ్డీని మూతి నుంచి లోపలి అడుగుదాకా దించి, మూతి దగ్గర వేలితో గుర్తు పెట్టి బయటికి తీయాలి. దాన్ని గొట్టం పక్కన ఆనించి చూస్తే కొస దాదాపు పక్క చిల్లు దాకా రావాలి. అంతకంటే ముందే ఆగిందంటే లోపల ఏదో ఉంది. ఖాళీ అని తేలాక ఎండు గుడ్డతో గొట్టంలోని నూనె తుడిచేయాలి, చిల్లులో సన్న తీగ గుచ్చి చూడాలి. తర్వాత కొలిచి మందు పోయాలి. మందు కొమ్ము నుంచి గానీ డబ్బా నుంచి గానీ నేరుగా మూతిలోకి పోయకూడదు. ముందు పేలిన మసిలో చిన్న నిప్పు కణం మిగిలి ఉంటే, కొలగిన్నెలో ఉన్న చిటికెడు అంటుకుంటే చెయ్యి కాలుతుంది. కొమ్ము మొత్తం అంటుకుంటే కాలేది చెయ్యి ఒక్కటే కాదు.

ఎంత మందు అన్నది ఆ తుపాకి తయారీదారు చెప్పిన లెక్క ప్రకారమే. పక్కవాడి తుపాకి లెక్క మీ తుపాకికి చెల్లదు. ఇంకో మాట, దీనిలో వాడేది సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందు మాత్రమే. ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు ఒక్క చిటికెడు కూడా వాడకూడదు. దాని ఒత్తిడిని ఈ గొట్టం తట్టుకోలేదు, ముఖం దగ్గరే పగులుతుంది. పాత మందులో కూడా ముతకది, మెత్తటిది అని గ్రేడులున్నాయి. ముతకది గొట్టంలోకి, మెత్తటిది గిన్నెలోకి.

గుండు వేసేవాళ్లు నూనె గానీ మైనం కలిపిన కొవ్వు గానీ రాసిన నూలు గుడ్డను మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి దించుతారు. గుడ్డ సందును మూస్తుంది, మసిని కొంత మెత్తబరుస్తుంది. చర్రాలైతే వరస వేరు. మందు మీద దళసరి అట్ట ముక్క, దాని మీద మెత్తటి బిరడా, ఆపైన చర్రాలు, చివర అవి దొర్లిపోకుండా పల్చటి అట్ట.

ఏది వేసినా అది మందు మీద ఆని కూర్చోవాలి. ఇక్కడ పొరపాటు చేస్తే క్షమాపణ లేదు. మసి వల్ల గుండు మధ్యలో ఆగి, మందుకూ గుండుకూ నడుమ ఖాళీ మిగిలితే, పేలినప్పుడు గొట్టం ఆ చోట ఉబ్బవచ్చు, పగలవచ్చు. పాత వేటగాళ్లు కడ్డీ మీద రెండు గీతలు పెట్టుకునేవారు, ఖాళీ గొట్టానికి ఒకటి, నింపిన గొట్టానికి ఒకటి. నింపాక, నింపిన గొట్టానికి పెట్టిన గీత మూతికి సరిగ్గా రాలేదంటే కాల్చకూడదు. ఈ చిన్న గీత అన్ని లెక్కల కంటే మేలైన భద్రత అని నా అభిప్రాయం.

మసి, మన ఎండ, మన వాన

పాతకాలపు మందు కాలితే దాని బరువులో సగానికి పైగా, దాదాపు 55 శాతం, వాయువుగా మారకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. తెల్లటి పొగగా కనపడేది అందులో కొంత, మిగతాది గొట్టానికి అతుక్కుంటుంది. అందులో ఎక్కువ భాగం పొటాషియం లవణాలు: కార్బొనేట్, సల్ఫేట్, సల్ఫైడ్. అవి గాలిలోని తేమను లాక్కుంటాయి. తేమ, లవణం, ఇనుము ఒకచోట చేరితే తుప్పు రాత్రికి రాత్రే మొదలవుతుంది.

వాతావరణాన్ని బట్టి ఈ మసి గుణం మారుతుంది. మే నెలలో నల్లగొండ ఎండకు, పొడి గాలికి అది గట్టిపడి పెనం అడుగున మాడులాగా అంటుకుపోతుంది. నాలుగైదు సార్లు కాల్చాక గుడ్డ చుట్టిన గుండు దిగనని మొరాయిస్తుంది. వానాకాలంలో, కృష్ణ ఒడ్డున సోమశిల, కొల్లాపూర్ వైపు తడి గాలిలో అదే మసి జిగట బురద అవుతుంది. గుండు సులువుగానే దిగుతుంది గానీ, బురద అడుగుకు చేరి పక్క చిల్లును మూసేస్తుంది. ఒకరు ప్రతి దెబ్బకూ తుడవాలని, ఇంకొకరు పది దెబ్బలదాకా అక్కర్లేదని చెప్పడానికి కారణం ఇదే. వాళ్లు కాల్చిన రుతువులు వేరు, గుండు బిగువు వేరు.

తుడిచే గుడ్డ కొద్దిగా చెమ్మగా ఉంటే చాలు, తడిసి కారకూడదు. మరీ తడిగా ఉంటే మసినంతా అడుగుకు తోసుకుపోయి అక్కడ ముద్ద చేస్తుంది. తర్వాత పోసిన మందు ఆ ముద్దలో నానుతుంది. చెమ్మ గుడ్డ ఒకసారి, వెంటనే ఎండు గుడ్డ ఒకసారి, తర్వాత చిల్లులో తీగ.

మీట నొక్కితే పేలకపోతే తొందరపడి తుపాకి తిప్పకూడదు. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు. మూతి గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. తర్వాత చిల్లు గుచ్చి, కొత్త రంజకం పోసి మళ్లీ ప్రయత్నించాలి. మందు పోయకుండా గుండు ఒక్కటే దట్టించడం కూడా జరుగుతుంది, అనుభవం ఉన్నవాళ్లకు కూడా. అప్పుడు పక్క చిల్లు గుండా కొద్ది కొద్దిగా మెత్తటి మందు లోపలికి పంపి, గుండును కడ్డీతో మళ్లీ అడుగుదాకా దించి, ఆ కాస్త మందుతోనే బయటికి పేలుస్తారు. గుండును వెనక నుంచి తీసే దారి లేదు.

నీళ్లా, కిరసనాయిలా

ఇక అసలు వివాదం. కిరసనాయిలు మసిని నల్లగా కార్పిస్తుంది కాబట్టి శుభ్రమైందనిపిస్తుంది. నిజానికి తుప్పు తెచ్చేది లవణాలు. లవణాలు నీళ్లలో కరుగుతాయి, కిరసనాయిలులో కరగవు. కిరసనాయిలుతో తుడిచిన గొట్టం పైకి మెరుస్తుంది, ఉప్పు మాత్రం ఇనుము రంధ్రాల్లో అట్లాగే కూర్చుంటుంది. కాబట్టి నీళ్లు తగలాల్సిందే. సైన్యాలు చేసిందీ అదే.

కాగే నీళ్లు పోయాలనేవాళ్ల వాదన వేడి గొట్టం దానంతటదే ఆరుతుందని. అది కొంత నిజం. కానీ బాగా వేడెక్కిన ఇనుము మీద నీళ్లు ఆవిరవుతున్నప్పుడే ఎర్రటి పల్చటి తుప్పు పొర లేస్తుంది, గుడ్డ తీస్తే నారింజ రంగు కనిపిస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో చుక్క సబ్బు వేస్తే ఉప్పు అంతే బాగా కరుగుతుంది, ఈ బెడద ఉండదు. నేను గోరువెచ్చటి నీళ్ల పక్షమే.

కడిగే ముందు మళ్లీ కడ్డీ దించి ఖాళీ అని చూసుకోవాలి. గుర్రం, ఉక్కు పలక, స్ప్రింగులు ఉన్న యంత్ర భాగాన్ని విప్పి పక్కన పెట్టాలి. పక్క చిల్లులో చిన్న పుల్ల గుచ్చి, మూతి నుంచి నీళ్లు పోసి, కొద్దిసేపు ఉంచి ఒలికించాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, అది గంధకం తాలూకు వాయువు. నీళ్లు తేటగా వచ్చేదాకా కానివ్వాలి. తర్వాత కడ్డీకి నూలు గుడ్డ కట్టి తోముతూ మార్చాలి. గొట్టం అడుగున గోడా, అడుగూ కలిసే మూలలో మసి దాక్కుంటుంది. గుడ్డ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఆ మూలకు అందదు, అక్కడికి చదునైన గీకుడు కొస కావాలి. తుప్పు మొదలయ్యేది కూడా సాధారణంగా అక్కడే, పక్క చిల్లు చుట్టూ. నీళ్లు కర్రకూ గొట్టానికీ మధ్యలోకి జారకుండా చూసుకోవాలి. సన్న మేకులతో బిగించిన పాత తుపాకుల గొట్టాన్ని ప్రతిసారీ కర్ర నుంచి ఊడదీస్తే ఆ రంధ్రాలు వదులవుతాయి, మానుకోవడం మంచిది.

యంత్ర భాగాన్ని కూడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కదిలే చోట్ల చుక్క నూనె వేస్తే చాలు. ఎక్కువైతే అది గిన్నెలోకి పాకి రంజకాన్ని చంపుతుంది.

ఆరిన తర్వాతే నూనె. తుపాకుల కోసం అమ్మే నూనెగానీ, ఖనిజ నూనెగానీ పల్చగా. గొట్టంలో దాన్ని ఉంచి కాలిస్తే మసితో కలిసి తారులా అవుతుంది, అందుకే కాల్చేముందు తుడవమన్నది. గానుగ నూనెలు గుండు గుడ్డకు పనికొస్తాయి గానీ, నెలలపాటు నిల్వ ఉంచడానికి కాదు, చివరికి జిగటగా మారతాయి. నూనె పెట్టాక ఒక రోజు మూతి కిందికి ఉండేట్టు నిలబెడితే మిగిలిన నూనె వెనక కర్రలోకి ఇంకదు. మర్నాడు, ఆ తర్వాత వారానికి ఒక తెల్ల గుడ్డ దించి చూడాలి. గోధుమరంగు అంటితే ఎక్కడో ఉప్పు మిగిలింది, మళ్లీ నీళ్ల నుంచి మొదలు.

ఒక సంగతి చెకుముకి వైపు అనుకూలం. పాత రాగి టోపీల రసాయనంలో పొటాషియం క్లోరేట్ ఉండేది, అది కాలితే మిగిలేది క్లోరైడ్. మామూలు ఉప్పు చేసే పనే చేస్తుంది, ఇనుమును త్వరగా తింటుంది. రాయితో పేలే తుపాకికి ఆ బాధ లేదు.

గడి గోడ మీద పాత తుపాకి

గడుల్లో, పాత ఇళ్లలో దసరాకు దించి బొట్టు పెట్టే తుపాకులు ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని ఎప్పుడో నింపి అట్లాగే తగిలించినవి కావచ్చు. పాతకాలపు మందు పొడిగా ఉంటే దశాబ్దాల తర్వాత కూడా పేలుతుంది. కడ్డీ కొలత పెట్టకుండా అలాంటి తుపాకి గుర్రాన్ని ఎత్తి పిల్లలకు చూపించడం నాకు భయం వేసే పని. నిండి ఉందని తేలితే వేడి చేయడం, డ్రిల్లు పెట్టడం లాంటివి చేయకుండా లైసెన్సు ఉన్న తుపాకి మెకానిక్‌కు గానీ పోలీసులకు గానీ చెప్పాలి. నీళ్లు పోస్తే మందు అప్పటికి నిద్రపోతుంది, ఆరితే మళ్లీ లేవొచ్చు.

పాతది కదా, లైసెన్సు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది నిజమే, కానీ మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధాలకు మాత్రమే. కాస్త బాగుచేస్తే పేలేదైతే అది తుపాకే. లైసెన్సు లేకుండా మందు తయారు చేయడం కూడా నేరమే. ఇక అడవిలో వేట సంగతి 1972 వన్యప్రాణి చట్టంతో, దానికి 1991లో వచ్చిన సవరణతో ముగిసింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లలో ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

లైసెన్సు ఉన్నవాళ్లకు ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు తుపాకి స్టేషన్‌లో డిపాజిట్ చేయమని కబురొస్తుంది. అక్కడ వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది, మధ్యలో తుడిచేవాళ్లుండరు. కాబట్టి ఇచ్చే రోజుకు ముందే కడిగి, ఆరబెట్టి, మామూలుకంటే కాస్త దళసరిగా నూనె పెట్టి, కడ్డీ దించి ఖాళీ అని అక్కడి సిబ్బందికి చూపించి రసీదు తీసుకోవాలి. తిరిగి తెచ్చుకున్నాక మొదటి పని గొట్టంలో తెల్ల గుడ్డ దించడమే.